రెప్ప కింద ఎరుపు

గొర్రెను మగవాళ్ళు బయటి నుంచి చూస్తారు. కొమ్ము మెలిక, ఎద వెడల్పు, నడుము నిడివి, పళ్ళ వరస. మేము లోపలి నుంచి చూస్తాము. కోసినాక బోటి కడిగేది ఆడవాళ్ళే కదా. మాంసం మగవాళ్ళ చేతుల్లో ముక్కలవుతుంది. పొట్టలూ పేగులూ గంపలో పడి మా ముందుకొస్తాయి. గడ్డి నిండిన పెద్ద పొట్ట తుండుగుడ్డ మాదిరి నూగు నూగుగా ఉంటుంది. దాన్ని ఆనుకుని తేనెపట్టు గళ్ళున్న చిన్నది. ఆ తర్వాతది పొరలు పొరలుగా ఉంటుంది. పుస్తకం పుటల మాదిరి అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అక్షరం ముక్క రాని ఆ రోజుల్లో దాన్ని తమలపాకుల కట్ట అనుకునేదాన్ని. అన్నిటికీ చివర, లోపల నున్నగా జారే సంచి ఒకటుంటుంది. గొర్రె బతుకూ చావూ చాలా మటుకు ఆ సంచిలోనే ఉంటాయి.

నేను పుట్టింది మైదుకూరు అవతల, కాలువ నీళ్ళు పారే ఊళ్ళో. చుట్టూ వరి మళ్ళు, గట్ల మీద ఏడాది పొడుగునా పచ్చగడ్డి. తడి నేల గొర్రెకు పడదని అందరూ అంటారు, అది నిజమే. మా ఊళ్ళో గొర్రెలు సాకేవాళ్ళు తక్కువ. మా అమ్మ మాత్రం తన తల్లి ఇచ్చిన గొర్రెల సంతతినే సాకుతూ వచ్చింది. చచ్చేవి పిల్లలుగా ఉన్నప్పుడే చచ్చేవి. తట్టుకున్నవి పళ్ళూడిపోయేదాకా బతికేవి. ఇందులో మా అమ్మ తెలివేమీ లేదు. తట్టుకోలేనివి పోగా మిగిలినవే ఈనేవి, వాటి పిల్లల్లో మళ్ళీ తట్టుకున్నవే మిగిలేవి. అట్లా కొన్ని తరాలు నడిచింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, రాజధాని కర్నూలులో ఉన్న కాలంలో నన్ను తొండూరు దగ్గర మెట్ట ఊరికి ఇచ్చినారు. అత్తగారింటికి పంపేటప్పుడు మా అమ్మ అరణంగా రెండు గొర్రెల్ని తోలింది. అరణం గొర్రెలంటే వాటికి పుట్టినవన్నీ కోడలివే, మామగారి మందలో కలిసి మేసినా సరే. కలిసిపోకుండా నావాటికి ఎడమ చెవి కొన కోసినారు. రెండూ ఎర్రవి, పొట్టివి, వంకర కాళ్ళవి. అందులో ఒకటి మా ఊరి పొట్టేలుకు కట్టి, చూలుతో వచ్చింది.

మా మామ వాటి చుట్టూ తిరిగి చూసినాడు.

"ఏం పాపా, మీ అమ్మ గొర్రెలిచ్చిందా, కాలువలో కప్పల్ని పట్టిచ్చిందా?"

అక్కడున్న వాళ్ళంతా నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆయన మంద ముందర అవి నిజంగానే కప్పల మాదిరి ఉండేవి. ఆయనవి తెల్లటి గొర్రెలు, నిలబడితే నా నడుము దాకా వచ్చేవి. జమ్మలమడుగు సంతలో ఏరి తెచ్చిన విత్తనపు పొట్టేలు ఒకటుండేది. దాని కొమ్ములు రెండు చుట్లు తిరిగి బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. పులివెందుల నుంచి, సింహాద్రిపురం నుంచి కూడా మనుషులొచ్చి దాన్ని చూసి పోయేవాళ్ళు. మా మామ దాన్ని తినమని పిలిచినంత మెత్తగా ఇంట్లో ఎవరినీ పిలిచింది లేదు.

చూలుతో వచ్చిన గొర్రె మగపిల్లను ఈనింది. తల్లి మాదిరే ఎర్రది, వంకర కాళ్ళది. దాన్ని విత్తనానికి ఉంచాలని ఎవరూ అనుకోలేదు. వట్టలు నలిపించి బలిపించాలని మా మామ అన్నాడు గానీ, అంతలోనే కరువు వచ్చి ఆ పని వెనకపడింది.

మెట్టలో వాన ఎగ్గొట్టింది. కొండ మీద ఆకు లేదు, బీడులో గడ్డి లేదు. జనం సంకటిలోకి ఆకు కోసమే వెతుక్కుంటా ఉంటే గొర్రెలకు ఎవరు పెడతారు. కాలువ కిందికి తోలుకపోదామన్నాడు మా మామ. వరి కోసిన మళ్ళలో మంద ఆపితే ఎరువు కోసం రైతులు గింజలు కొలుస్తారు, జీవాలకు మేతా దొరుకుతుంది. మా అత్తను ఇంటి దగ్గర పెట్టి మామ, నా మొగుడు, వంట చేసిపెట్టేందుకు నేను బయలుదేరినాము. ముద్దనూరు మీదుగా పోయి, నీళ్ళు లేని పెన్న ఇసుకలో పడి దాటి, ప్రొద్దుటూరు అవతలికి చేరినాము. నా పుట్టిల్లు అక్కడికి దగ్గరే.

మొదట అంతా బాగుంది. ఎముకలు పైకి తేలిన గొర్రెలు నెల తిరిగేసరికి నునుపెక్కినాయి. ఆ తర్వాత పడాల్సిన వాన అప్పుడు పడింది, కాలం కాని కాలంలో. గట్లన్నీ మోకాలెత్తు పచ్చబడినాయి. తెల్లారక ముందే మంద గట్ల మీదికి ఎక్కేది. మా అమ్మ ఇంట్లో అయితే మంచు ఆరి, గడ్డి పొడిబారేదాకా గొర్రెను దొడ్డి దాటనివ్వరు. ఆ మాటే మామతో అన్నాను.

"ఎండాకాలమంతా మన్ను నాకిన జీవాలు పాపా. ఇప్పుడు గడ్డి కనపడితే నోరు కట్టుకోమని చెప్పేదానికి నాకు మనసు రాదు," అన్నాడు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆకలి తెలిసినవాడు అట్లాగే అంటాడు.

కొన్నాళ్ళకు గొర్రెలు వెనకపడటం మొదలైంది. మంద కదిలితే కొన్ని నిలబడిపోయేవి. దవడ కింద నీరు దిగి, సంచి కట్టినట్టు వేలాడేది. రెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడ తెలుపు. పారుడు లేదు, దగ్గు లేదు, మేత మానలేదు. మేస్తా మేస్తానే పడిపోయేవి. ముందు పడినవి పెద్దవి, తెల్లవి.

నా మొగుడు ఒకదాన్ని భుజాన వేసుకుని ప్రొద్దుటూరు పశువుల ఆస్పత్రికి పోయినాడు. డాక్టరు రెప్ప తిప్పి చూసి, కడుపులో పురుగు రక్తం తాగుతోందని చెప్పి, మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళు ఇచ్చినాడు. ఎంత పొయ్యాలో నోటితో చెప్పినాడు, చెప్పినట్టే పోసినాము. మందు పోసి మళ్ళీ అదే గడ్డి మీదికి తోలితే లాభం లేదు, బీడు మార్చండని కూడా చెప్పి పంపినాడు. బీడు మార్చడానికి పచ్చగా ఉన్నది అదొక్కటే. మందు పడిన గొర్రెలు రెండు వారాలు తేరుకుని, మళ్ళీ పాలిపోయినాయి.

ఇక బతకదు అనుకున్నదాన్ని ప్రాణం ఉండగానే కోసేవాళ్ళు. బోటి నా ముందుకొచ్చేది. చివరి సంచి చీలిస్తే లోపల అంగుళం పొడుగు దారాలు గుట్టగా కదులుతా ఉండేవి. ఎరుపూ తెలుపూ నూలు కలిపి పేనిన మొలతాడు తుంపుల మాదిరి. అవి తాగిన రక్తమే ఆ ఎరుపు. చెంబుతో ఎన్నిసార్లు నీళ్ళు కుమ్మరించినా గోడలకు పట్టుకుని వదిలేవి కావు. వేలితో గీకాల్సి వచ్చేది.

నా రెండు గొర్రెల్లో ఒకటి మైదుకూరు రోడ్డు మీద లారీ కింద పడింది. రోగం వల్ల కాదు, దాని కాలం అట్లా తీరింది. దాన్ని కూడా కోసినారు, బోటి కడిగినాను. సంచి చీల్చి నీళ్ళు పోస్తే అక్కడొకటి అక్కడొకటి దారం తప్ప గోడలు శుభ్రంగా, గులాబి రంగులో ఉన్నాయి. అదే గట్టు మీద, అదే గడ్డి, అదే మంచులో మేసిన గొర్రె. దానికి నీలం నీళ్ళు కూడా పొయ్యలేదు, మందు చాలక పెద్దవాటికే పోసినాము.

సంచిని పట్టుకపోయి నా మొగుడికి చూపించినాను. ఆయన మామకు చెప్పినాడు. మామ గడ్డం గోక్కుంటా, "ఆడోళ్ళు ఇంక బోటి చూసి జాతకాలు చెప్తారంట," అన్నాడు. నవ్వించడానికి అన్నాడు గానీ, అందులో నవ్వు లేదు. ఆ మరుసటి రోజే ఆయన విత్తనపు పొట్టేలు ముందరి కాళ్ళ మీద కూలబడింది. తలను తొడ మీద పెట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. దాన్ని కొయ్యనివ్వలేదు, గుంత తీసి పూడ్చినాడు. పూడ్చి వచ్చి పసుపు గుడ్డలో బియ్యం మూట కట్టి, మిగిలిన మంద నిలబడితే జాతరలో మన ఊరి అమ్మవారికి పొట్టేలు ఇస్తానని మొక్కుకున్నాడు.

ఎండలు ముదిరి గట్లు ఎండినాక చావులు ఆగినాయి. ఉగాది లోపల ఊరు చేరుకున్నాము. తోలుకపోయిన మందలో సగానికి తక్కువే తిరిగొచ్చింది. మా అత్త వాకిట్లో నిలబడి దాన్ని చూసింది. లోపలికి పోయి కుడితి తెచ్చింది.

మా ఊళ్ళో కట్టుబాటు ఒకటుంది. అమ్మవారికిచ్చే పొట్టేలు రోగం తగిలినది కాకూడదు. పూజారి రెప్ప తిప్పి చూస్తాడు. లోపల ఎర్రగా ఉంటేనే ఒప్పుకుంటాడు, పాలిపోయి ఉంటే తల్లికి ఎంగిలి పెట్టినట్టేనని తిప్పి పంపుతాడు. ఒప్పుకున్నదాన్ని ఆ రోజు నుంచి వేరే కట్టేసి, వేరే మేపాలి. జాతర దాకా అది ఆడ గొర్రె వాసన చూడకూడదు.

మందలో మూడు పొట్టేళ్ళు మిగిలి ఉంటే పూజారి వచ్చి చూసినాడు. రెండింటి కళ్ళు తెల్లగా ఉన్నాయి. మూడోది చెవి కొన కోసిన ఎర్రది, వంకర కాళ్ళది. నాది. అది ఒక్కటే ఎర్ర కన్నుతో వచ్చింది.

అప్పుడు నాకు తట్టింది. రోగం వచ్చిన ప్రతి ఏడూ ఇక్కడ జరిగింది ఇదే కదా అని. రోగం వస్తేనే మొక్కు. మొక్కు పడితే రోగాన్ని తట్టుకుని నిలబడిన పొట్టేలే కావాలి. నిలబడింది అమ్మవారికి పోతుంది, తూలుతా ఉన్నది మందలో మిగిలి గొర్రెల్ని కడుతుంది. దాని పిల్లలు మళ్ళీ రోగం వస్తే పడతాయి, మళ్ళీ మొక్కు. మా మామ తండ్రి కాలం నుంచి మంద ఎత్తూ తెలుపూ పెరుగుతా వచ్చింది గానీ, ఓర్పు పెరగలేదు. పెరిగే దారిని ఏటికేడూ మేమే కత్తి పెట్టి కోస్తున్నాము.

ఈ ఒక్క పొట్టేలూ పోతే ఆ ఓర్పు ఇచ్చే మగది మందలో ఇంక లేదు. మిగిలిన నా గొర్రె ముసలిది, అది ఈనుతుందో లేదో చెప్పలేము.

మామ దగ్గరికి పోయినాను.

"మామా, ఆ పొట్టేలు నాది."

"నీదే. కాదంటినా? తాడు నువ్వే పట్టుకో, పుణ్యమూ నువ్వే కట్టుకో."

"ఇయ్యనని చెప్పడంలే. వానలు పడి, గొర్రెలు కట్టినాక ఇస్తా."

"అమ్మవారికి వాయిదా అడుగుతాండావా? ఆమేమన్నా ప్రొద్దుటూరు కోర్టనుకుంటివా?"

బోటి సంగతి మళ్ళీ చెప్పినాను. ఆయన విన్నాడు. వినకుండా కసిరే మనిషి కాదు. నీ గొర్రెకు లారీ రాసిపెట్టి ఉంది కాబట్టి రోగం రాలేదు, నా గొర్రెలకు రోగం రాసిపెట్టి ఉంది అన్నాడు. మంద నిలబడిందంటే ఆ తల్లి మాట నిలబెట్టుకుందనీ, ఇప్పుడు మనం తప్పితే మిగిలినవీ ఉండవనీ అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. సగం మందను కళ్ళ ముందే పోగొట్టుకున్న మనిషి మిగతా సగాన్ని కోడలి మాట మీద ఎట్లా పెడతాడు. నా మొగుడు ఇద్దరి మధ్య నిలబడి గోచీ సర్దుకున్నాడు.

పొట్టేలును వాకిట్లో పందిరి గుంజకు కట్టేసినారు. మా అత్త దానికి రోజూ నానబెట్టిన జొన్నలు పెట్టేది. ఆమె నాకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఆ ఇంట్లో బోటి కడిగిన మనిషి. మాట తక్కువ. ఒకనాడు ఊరుబిండి పచ్చడికి రోట్లో మిరపకాయలు నూరుతా, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ లారీ కింద పడిందానికి చివరి సంచిలో ఏముండె?"

చెప్పినాను.

"పెద్ద గొర్రెలకో?"

చేతి పిడికిలి చూపించినాను. ఆమె నూరే చెయ్యి ఆపింది. తాను కొత్తగా వచ్చినప్పుడు కూడా ఇట్లాంటి వాన పడిందనీ, అప్పుడు కూడా ఒక పొట్టేలు బోటి శుభ్రంగా వచ్చిందనీ, అది అమ్మవారికిచ్చిన పొట్టేలేననీ అన్నది. కడగడానికి పని తక్కువైందని సంతోషపడిందంట. మళ్ళీ నూరుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం మామ, నా మొగుడు అన్నం తిని అరుగు మీద నడుము వాల్చినారు. నేను ఎంగిలి గిన్నెలు తీసుకుని దొడ్డి వైపు పోతే, మా అత్త అప్పటికే అక్కడుంది. ఒక చేత్తో దొడ్డి తడిక పట్టుకుని ఉంది, ఇంకో చేతిలో పొట్టేలు తాడుంది. తాడు కొసన పొట్టేలు లేదు. అది లోపల గొర్రెల మధ్య ఉంది.

ఆ ఇంట్లో శుక్రవారం దీపం పెట్టేది ఆమె, జాతరకు తలమీద బోనం ఎత్తేది ఆమె. అమ్మవారి పేరు చెప్పి అందరినీ భయపెట్టేదీ ఆమే.

"ఏంది అట్ల చూస్తాండావు? తడిక పట్టుకో," అన్నది.

పట్టుకున్నాను.

"అమ్మకు మంద కావాల గానీ, ఒక్క పొట్టేలును ఆమేం చేసుకుంటాది? తప్పుంటే నా మీద పడనీ. నాకేమన్నా ఇంక పిల్లలు పుట్టేది ఉందా, పోయేది ఉందా?"

పొద్దు కొంచెం వాలినాక దాన్ని పట్టి తెచ్చి మళ్ళీ గుంజకు కట్టేసింది, కడిగిన కాళ్ళతో ఇంట్లోకి పోయి దీపం గూటి ముందు నిలబడింది. ఏమడిగిందో నాకు తెలియదు. జాతర దాకా మధ్యాహ్నాలు అట్లానే గడిచినాయి. మందలో ఎదకొచ్చినవి దానికి కట్టుకున్నాయి. మామ ఒకసారి, జొన్నలు పెడతాంటే ఈ పొట్టేలు చిక్కిపోతాండాదేందని అడిగినాడు. ఎండలు, అన్నది మా అత్త.

జాతర రోజు తాడు నేనే పట్టుకుని పోయినాను. పూజారి రెప్ప తిప్పి చూసి, కుంకం మాదిరి ఉండాదన్నాడు. నెత్తిన నీళ్ళు పోసినారు. పొట్టేలు ఒళ్ళు విదిలించింది, తల్లి ఒప్పుకుందని అందరూ చేతులెత్తినారు. తర్వాత కత్తి పడింది. నాకు ఏడుపు రాలేదు. గొర్రెల ఇంట్లో పుట్టినవాళ్ళకు అంత సులభంగా రాదు.

బోటి గంప మా ఇద్దరి మధ్య పెట్టుకుని కూర్చున్నాము. ఆ చివరి సంచిని మా అత్త నా చేతికివ్వలేదు, తానే చీల్చింది. నీళ్ళు పోసి అరచేతి మీద పరిచింది. వెతికితే నాలుగైదు దారాలు కనపడినాయేమో. ఆమె దాన్ని తాటాకు మీద పెట్టుకుని లేచి, పదిమంది మగవాళ్ళ మధ్య కూర్చున్న మా మామ ముందుకు పోయింది. ఆడది పచ్చి బోటిని మగవాళ్ళ ముందుకు తేవడం మా వైపు ఎవరూ ఎరగరు.

"నీ విత్తనపు పొట్టేలును పూడ్చి పెడితివంట. దాని కడుపు నువ్వు చూల్లేదు. దీందన్నా చూడు," అన్నది.

ఆయన చూసినాడు. వేలు పెట్టి రుద్ది చూసినాడు. పక్కనున్నవాళ్ళు ఏందప్పా అది అని వంగినారు.

"ఏం లేదు," అన్నాడు మామ. "అదే, ఏం లేదు."

వినాయక చవితి దాటినాక గొర్రెలు ఈనడం మొదలుపెట్టినాయి. తెల్ల గొర్రెల కింద ఎర్రవీ, మచ్చలవీ, మోకాళ్ళు లోపలికి తిరిగినవీ. మామ ఒక పిల్లను ఎత్తి దాని కాళ్ళు చూసి, నా వైపు చూసి, మా అత్త వైపు చూసినాడు. ఇద్దరమూ పేడ ఎత్తుకుంటా ఉన్నాము.

"అమ్మవారే వచ్చి కని పోయినట్టుండాది," అన్నాడు. ఆ ఏడు పుట్టిన ఎర్ర మగపిల్లల్లో ఒకదాన్ని వట్టలు నలిపించకుండా వదిలేసినాడు. వదిలేయమని మేము అడగలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయినాక ఒకసారి మళ్ళీ కరువొచ్చింది, మళ్ళీ కాలువ కిందికి పోయినాము. ఈసారి మంచు ఆరేదాకా మంద కదలలేదు. అయినా పురుగు పడింది. ఆ పొట్టేలు సంతతి అంతా నిలబడిందని చెప్తే అబద్ధమవుతుంది. తల్లి పోలిక వచ్చినవి కొన్ని పడినాయి, ఎర్రవాటిలోనూ పడినవి ఉన్నాయి, తెల్లవాటిలోనూ నిలబడినవి ఉన్నాయి. రంగుకూ దానికీ సంబంధం లేదని అప్పుడు తెలిసింది. కానీ తిరిగొచ్చిన మంద తోలుకపోయిన మంద కంటే పెద్ద తక్కువ లేదు. మామ రోజూ రెప్పలు తిప్పి చూసేవాడు. కొమ్ములు చూడటం తగ్గించినాడు.

మొక్కు మాత్రం మానలేదు. మా ఇంట్లో ఎవరమూ మానమని అనలేదు. ఊరికొచ్చినాక ఆయన రెండు పొట్టేళ్ళను వాకిట్లోకి తోలి, ఒకదాని తర్వాత ఒకదాని రెప్ప తిప్పినాడు. ఒకటి ఆ ఎర్ర పొట్టేలు సంతతిది, నావాటి మాదిరే చెవి కొన కోసినది, కన్ను నెత్తురు మాదిరి ఉంది. రెండోది ఎత్తైనది, తెల్లది, కొమ్ములు బాగా తిరిగినది. దాని కన్ను ఎరుపూ కాదు, మరీ తెలుపూ కాదు. ఆయన తాడు తీసుకుని తెల్లదాని మెడకు కట్టినాడు.

పూజారి రెప్ప తిప్పి కొంచెంసేపు చూసినాడు.

"ఏమప్పా, కన్ను పాలిపోయినట్టుండాదే?"

"పొద్దు ఎదురుగా ఉండాది, ఆ తెలుపు పడతాండాది. నీడకు తీసకపోయి చూడు."

పూజారి నీడకు తీసకపోయి చూసినాడు. నీడలో అది ఇంకొంచెం తెల్లగానే కనపడి ఉంటుంది. ఆయనకూ ఇంట్లో గొర్రెలున్నాయి, ఆయన మంద కూడా కాలువ కిందికి పోయి వచ్చిందే. మామ మొహం చూసినాడు, మామ వెనకున్న మా అత్త మొహం చూసినాడు. చెంబెత్తి నీళ్ళు పోసినాడు.

పొట్టేలు విదిలించింది. నెత్తిన నీళ్ళు పడితే ఏ జీవమైనా విదిలిస్తుంది.

నేను ఇంటికొచ్చేసరికి చెవి కొన కోసినది దొడ్డిలో గొర్రెల మధ్య తిరుగుతా ఉంది. దాని మెడకు తాడు లేదు.